నీళ్ళ స్టేజీ పాట

ఫూ... అని ఊదితే సన్నగా దుమ్ము లేచేది.

పసుపుపచ్చ గేమ్ క్యాసెట్టు. వేడెక్కిన టీవీ వాసన. వేసవి సెలవులు, బందరు ఉక్కపోత, చిలకలపూడిలో రెండు గదుల ఇల్లు. ఒకే చాపమీద అక్కా తమ్ముడూ — ప్రేమకు పదిహేనేళ్ళు, ఉదయ్ కిరణ్‌కు పదకొండు.

తెరమీద బొమ్మవాడు పరిగెత్తేవాడు. దూకేవాడు. చచ్చేవాడు. మళ్ళీ పుట్టేవాడు.

మూడో స్టేజీలో నీళ్ళలోకి దిగేవాడు.

అక్కడ పాట మారిపోయేది. అప్పటిదాకా గంతులేసిన పాట కాస్తా మెత్తబడి, ఊగుతూ, బోలెడు తీరిక ఉన్నట్టు సాగేది. దానికి మాటల్లేవు. పేరు లేదు. వాళ్ళిద్దరికీ అది నీళ్ళ స్టేజీ పాట, అంతే.

టైము దగ్గరపడితే మాత్రం ఆ పాటకే కంగారు పుట్టేది. ఉన్నట్టుండి వేగం అందుకునేది. "అక్కా, తరుముతోందే!" అని ఉదయ్ అరిచేవాడు. వాడి కళ్ళు తెరమీద, ప్రాణమంతా చెవుల్లో ఉండేది.

మరుసటేడు వాడికి మెదడువాపు జ్వరం వచ్చింది.

పద్దెనిమిది రోజులు ఆస్పత్రి. పిల్లాడు దక్కాడు. చెవులు దక్కలేదు.

ఇంటికొచ్చాక వాడు మొదట అడిగింది టీవీ గేమే. ఆడాడు. నీళ్ళలోకి దిగాడు. పాట తరిమింది. వాడికి తెలియలేదు. చచ్చిపోయాడు.

మళ్ళీ ఆడాడు. మళ్ళీ చచ్చిపోయాడు.

మూడోసారి ప్రేమ వాడి భుజంమీద వేలితో తట్టింది — పాట నెమ్మదిగా ఉంటే నెమ్మదిగా, తరిమితే గబగబా. వాడు గట్టెక్కాడు. వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఏడుపొచ్చింది. వేలితో తాళం చెప్పొచ్చు, పాట చెప్పలేం... ఆ సంగతి అప్పుడామెకు తట్టలేదు.

పెళ్ళయి ప్రేమ కోడూరు వచ్చింది. భర్తకు రొయ్యల చెరువుల దగ్గర పని. చీకటితో వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రాక. ఇంట్లో ఆమె, ఫ్యాను చప్పుడు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే ఆ రెండు గంటలే ఆమెకు మనుషుల మధ్య ఉన్నట్టుండేది.

అలాంటి ఒక ఆదివారం కానుకల సంచి తిరుగుతోంది. అంతసేపూ ఏదో ఒకటి మెల్లగా వాయిస్తూ ఉండాలి. ఆలోచన ఎటో పోయింది. వేళ్ళు వాటంతటవే నీళ్ళ స్టేజీలోకి దిగాయి.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద జకరయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు.

"ఎంత చల్లటి రాగమమ్మా! ఎవరు నేర్పారు?"

టీవీ గేములోదండీ అని చెప్పాలి. పెద్దాయన తడికళ్ళు చూశాక నోరు రాలేదు.

"మా తమ్ముడండీ."

అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

వారం తిరిగేసరికి జకరయ్యగారు నాలుగు చరణాలు రాసుకొచ్చారు — అలలమీద నడిచొచ్చిన ప్రభువు గురించి. ఆ పాటకు నీళ్ళతో చుట్టరికం ఉందని ఆయనకెవరు చెప్పారో!

పాట పాకింది. పెళ్ళిళ్ళలో పాడారు. బాప్తిస్మాలకు పాడారు. అంట్లు తోముతూ పాడారు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున బడిలో తలదాచుకున్నవాళ్ళు కూడా దాన్నే పాడారు.

ఊరంతా పాడుతోంది. అది ఏ పాటో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు.

ఎవరితో చెప్పుకుంటుంది? వింటే పడీపడీ నవ్వేవాడు లోకంలో ఒక్కడే. వాడు ఒక్కసారి నవ్వితే చాలు... అది మళ్ళీ ఇద్దరి పాటవుతుంది.

రమ్మని ఉత్తరం రాసింది.

ఉదయ్ వచ్చాడు. అవనిగడ్డలో బస్సు మారి, ఇస్త్రీ చొక్కాతో, ఇరవై ఏళ్ళ మనిషిలా. తను పనిచేసే చోట తన చేత్తో చేసిన రోల్డుగోల్డు గాజులు తెచ్చి అక్క చేతికి తొడిగాడు. మర్నాడు చర్చిలో ఆమె వాణ్ణి కీబోర్డు పక్కనే కూర్చోబెట్టుకుంది.

పాట మొదలైంది. అన్ని నోళ్ళూ కదులుతున్నాయి. వాడు జనాన్ని చూశాడు, అక్క వేళ్ళను చూశాడు, మర్యాదగా తలూపాడు.

రెండో చరణం తర్వాత మౌన ప్రార్థన. తలలన్నీ వంగాయి. ముందే రాసి పెట్టుకున్న కాగితం ప్రేమ వాడి చేతిలో పెట్టింది.

"ఇది మన నీళ్ళ స్టేజీ పాటరా."

వాడు చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళు మూసుకున్నాడు. నుదురు ముడిపడింది. లోపల ఎక్కడో వెతుకుతున్నాడు... వెతుకుతూనే ఉన్నాడు.

తన గొంతు ఎంత పెద్దదో వాడికి తెలియదు. ఆ నిశ్శబ్దంలో చర్చి అంతా వినబడేలా అడిగాడు —

"అదెలా ఉండేదక్కా?"

వంగిన తలలన్నీ లేచాయి.

ప్రేమ ఏమని చెబుతుంది? మాట అయితే కాగితంమీద రాయొచ్చు. కూనిరాగం తీస్తే వాడికి కనబడేది పెదాలే.

జకరయ్యగారు మూడో చరణానికి చెయ్యెత్తారు. జనమంతా గొంతెత్తి అందుకున్నారు. ప్రేమ మళ్ళీ వాయించసాగింది.

ఉదయ్ ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు, జవాబు కోసం.