ఇనుప మూకుడు చేయని నేరం

నేను ఒక ఇనుప మూకుడిని. చోడవరం సంత పక్కన కొలిమిలో, అరిగిపోయిన ఎడ్లబండి చక్రం పట్టాను ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి కొట్టి నన్ను తయారుచేశారు. కమ్మరికి ఆ రోజు తొందర. నా ఎడమ చెవి వంకరగా వచ్చింది. నన్ను కొన్న ముసలమ్మ తన కూతురు నూకరత్నానికి ఇచ్చింది. నూకరత్నం నాలో ఎనిమిదేళ్లు చేపలు వేయించి, ఒక వానాకాలం జ్వరంతో పోయింది. అప్పుడు ఆమె భర్త పైడిరాజు చేతికి వచ్చాను. అతను అనకాపల్లిలో ఒక బడి గుమాస్తా. ఉప్పు వేశాడో లేదో మరిచిపోయి రెండోసారి వేసేవాడు. కూతురు దేవిక ఒక్క మాట అనకుండా తినేసి, మంచినీళ్లు ఎక్కువ తాగేది.

దేవికకు తొమ్మిదేళ్లు. ఒంట్లో రక్తం నిలవని పుట్టుజబ్బు. మూడు వారాలకోసారి ఆసుపత్రిలో రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో వచ్చే ఇనుము బయటికి పోయే దారి శరీరానికి లేదట; కాలేయంలో, గుండెలో పేరుకుపోతుందట. దాన్ని తోడెయ్యడానికి రోజూ పరగడుపున ఒక మాత్ర నీళ్లలో కరిగించి తాగాలి. తాగాక గంటసేపు పిల్ల కడుపు పట్టుకుని నాకెదురుగా కూర్చునేది.

"నాన్నా, ఇవాళొద్దు. బడిలో వాంతయితే అందరూ నవ్వుతారు."

పైడిరాజు గ్లాసు పక్కన పెట్టేసేవాడు. మొదట వారానికి ఒక రోజు, తర్వాత మూడు రోజులు. మాత్ర లేని రోజున పిల్ల గెంతుతూ బడికి వెళ్లేది. అతను గుమ్మంలో నిలబడి ఆ గెంతులు చూసుకునేవాడు. మనుషులు జాలిని కూడా మందే అనుకుంటారు.

అంతలో అతను అప్పా అని పిలిచే అక్క పెంటమ్మ చూడటానికి వచ్చి, అక్కడే ఉండిపోయింది.

"ఒరే పైడీ, గుంటకి రగతం లేదు. ఇనప మూకుట్లో తోటకూర ఏపి, నిమ్మకాయ పిండి పెట్టరా. అమ్మ నాకలాగే పెట్టింది. సూడు, ఎలాగున్నానో!"

"గోడలాగున్నావత్తా," అంది దేవిక.

"పోయే, ఎర్రిదానా!"

ఆ రోజు నుంచి పూటపూటా తోటకూర. నేను పొంగిపోయాను. చేపలు వేగినన్నాళ్లూ నన్నెవరూ మందు అనుకోలేదు మరి.

ఆరు నెలలకు పరీక్షలు చేశారు. పైడిరాజు ఆసుపత్రి నుంచి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా నా ముందు నిలబడ్డాడు.

"ఇనుము గుండెకెక్కేసిందట, అప్పా. ఇంక పూర్తిగా దిగడం కష్టమట. అంతా ఈ మూకుడే."

పెంటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా నోరు పడిపోను," అంది.

అతను నన్ను గోనెసంచిలో కుక్కుతుంటే దేవిక వచ్చి సంచి అంచు పట్టుకుంది.

"మూకుడేటి సేసింది నాన్నా? దానివల్ల కొంచెమేనంది కదా డాక్టరమ్మ. రక్తంతో వచ్చేదే ఎక్కువట. మాత్ర మానేసినందుకే దిగలేదట. నేనొద్దన్నాను, నువ్వు మానిపించావు."

అతను ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశాడు. పారెయ్యడానికి అతనికి ఆ ఇంట్లో నేను తప్ప ఏం దొరుకుతుంది? నేరం నాదే అయితే ఎంత బాగుండేది! నన్ను పారేసిన రోజు నుంచి పిల్ల కోలుకునేది.

ఇప్పుడు ఆసుపత్రి దారిలో పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు, విరిగిన సైకిళ్ల మీద బోర్లా పడి ఉన్నాను. మూడు వారాలకోసారి పైడిరాజు మోపెడ్ ఇటే వెళ్తుంది. మొదట్లో దేవిక వెనక కూర్చుని నాకేసి చెయ్యి ఊపేది. ఇప్పుడు జారిపోకుండా ఆమెను తువ్వాలుతో తన నడుముకు కట్టుకుంటున్నాడు. ఆమె తల అతని వీపు మీద వాలి ఉంటుంది. అతను ఇటు చూడడు.

నిన్న వాన పడింది. నా ఒంటి మీంచి తుప్పు కరిగి, ఎర్రటి నీరై రోడ్డు మీదికి పారింది. నాలోని ఇనుము ఇంత సులువుగా పోతోంది. ఆ పిల్లలోంచి మాత్రం పోవడం లేదు.