ఊరెళ్లింది అనకు

"నేను చచ్చిపోయాననుకో. ఇప్పుడు ఫోన్ చెయ్యి," అంది అక్క.

చిట్టి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. వెంటనే దించేసింది.

ఇద్దరూ కౌన్సెలర్లు. అక్క దగ్గరే పని నేర్చుకుని, పక్క గదిలో సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంది చిట్టి. రక్తసంబంధం లేకపోయినా అక్క అక్కే. ఆమె క్యాన్సర్ కాలేయానికి పాకింది.

అందుకే ఈ వీలునామా. ఆస్తికి కాదు, పనికి. అలమర తాళం ఎక్కడుంది, ఫైళ్లు ఎవరు భద్రపరచాలి, ఏ క్లయింటుని ఏ కౌన్సెలర్‌కి అప్పగించాలి, ఆ కబురు ఎవరు చెప్పాలి.

"ఇల్లు మీ బావకి రాశా. మనుషుల్ని నీకు రాస్తున్నా."

"నాకూ ఇల్లే రాయొచ్చుగా!"

"వేషాలాపి ఫోన్ చెయ్యవే. నేనిప్పుడు నా క్లయింటు టైలరమ్మని."

"నమస్తే అండీ. అక్క ఇక మన మధ్య..."

"మధ్య లేకపోతే పక్కకెళ్లి కూర్చుందా?"

చిట్టికి నవ్వొచ్చింది. మళ్లీ మొదలెట్టింది. "అక్క మనకి దూరమై..."

"ఎంత దూరం? బస్సుందా?"

ఈసారి నవ్వు రాలేదు. అక్క ముందుకు వంగింది.

"అవసరమైతే నీకు చెప్పొచ్చని ఆవిడే ఒప్పుకుంది కాబట్టి చెబుతున్నా. చిన్నప్పుడు తల్లి చనిపోతే 'అమ్మ ఊరెళ్లింది' అని చెప్పారు. పెద్దయ్యాక నిజం తెలిసింది. అయినా ఇప్పటికీ వీధి తలుపుకి గడియ పెట్టదు. ఆవిడకి 'చనిపోయింది' అనే చెప్పాలి. ఇంకే మాట చెప్పినా, నా కోసం కూడా తలుపు తీసి పెడుతుంది."

"నువ్వే చెప్పు అక్కా. నా వల్ల కాదు."

"గురువారం వస్తుందిగా, జబ్బు సంగతి నేనే చెబుతా. నువ్వు స్టెప్నీవి, అంతే."

గురువారం దాకా అక్క ఆగలేదు.

బుధవారం పొద్దున్నే బావ ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. "మీ అక్క వెళ్లిపోయింది చిట్టీ," అన్నాడు. ఎక్కడికని అడగబోయి నోరు మూసుకుంది.

అక్క గది తాళం తీసింది. కుర్చీ వీపుకి శాలువా అలాగే ఉంది. దాన్ని ముట్టుకోకుండా, క్లయింట్లు కూర్చునే వైపు కూర్చుని టైలరమ్మకి ఫోన్ చేసింది.

కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది.

"నేను కౌన్సెలింగ్ సెంటర్ నుంచండీ. మేడమ్ గురించి..."

"రేపు రావద్దనా? ఊరెళ్లారా?" అంది టైలరమ్మ. మిషన్ ఆగలేదు.

అవునంటే చాలు. ఈ ఒక్క రోజుకి ఇద్దరూ బతికిపోతారు. చిట్టి కళ్లు శాలువా మీదే ఉన్నాయి.

"లేదండీ. ఊరెళ్లలేదు. చనిపోయారు. ఈ పొద్దున అక్క చనిపోయింది."

మిషన్ ఆగింది.

తర్వాత చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కొత్త కౌన్సెలర్ పేరు, ఎప్పుడు కలవచ్చో, ఫైలు ఎవరి దగ్గరుంటుందో. అన్నీ అక్క నేర్పించింది. అవన్నీ రాసిన కాగితం బోర్లించి పెట్టింది.

"మా అమ్మ కూడా చనిపోయిందండీ," అంది టైలరమ్మ, అప్పుడే అందిన కబురు చెబుతున్నట్టు.

చిట్టి ఏడుపు ఆపుకోలేకపోయింది. అవతల కూడా అదే చప్పుడు. ఫోన్ ఎవరూ పెట్టేయలేదు.