మూల కుర్చీలో అమ్మగారు

తెలుగు ప్రార్థన కూటం ఇకమీదట తన ఇంట్లోనే జరగాలని రూతు ఆశ. ఈ అమెరికాలో వారం మొత్తానికీ ఆమె గొంతు విప్పి తెలుగులో పాడేది ఆ ఒక్క పూటే. అయితే సంఘపెద్ద ప్రేమానందం గారు ఇల్లు చూసి ఒప్పుకోవాలి. ఒకరింట్లో యేసు బొమ్మ ఉన్న క్యాలెండర్ కనబడిందని టీ తాగకుండా లేచొచ్చిన మనిషి ఆయన.

ఆయన వచ్చే శనివారమే పక్కింటి జయంతి, మూతపడిన ఏదో చర్చి సామాన్ల వేలంలో కొన్న చెక్క విగ్రహాన్ని కారులో మోసుకొచ్చింది. కూర్చున్న మరియమ్మ. మూడడుగులుంటుంది.

"గృహప్రవేశం గిఫ్ట్ రూతూ! ఐదారువందల ఏళ్ల నాటి దానికి నకలట. పొట్టకి తలుపులున్నాయి చూడు. తెరిస్తే లోపల దేవుడు. మా చిన్నికృష్ణుడి నోట్లో లోకాలన్నీ ఉన్నట్టు!"

"మేం విగ్రహాలు పెట్టుకోం జయంతీ."

"పరాయి దేవుడైతే కదా! మీ వాళ్లే."

జయంతి అటు వెళ్లడం, ప్రేమానందం గారి కారు ఇటు రావడం ఒక్కసారే అయ్యాయి. రూతు భర్త సుందర్ రాజ్ విగ్రహాన్ని మూల కుర్చీలోకి ఎత్తి, రూతు నేతచీర చుట్టి, ముఖం మీదికి ముసుగు లాగి, పైన శాలువా కప్పాడు.

ప్రేమానందం గారు వస్తూనే ఆ మూలకి చేతులు జోడించారు. "వందనాలమ్మా. మీ అమ్మగారా సుందర్ రాజ్ గారూ?"

"చలండీ," అన్నాడు సుందర్ రాజ్.

"మా అత్తగారూ అంతే," అంది ఆయన వెనకే వచ్చిన కూటం వాళ్లలో విమలకుమారి. "మిచిగన్‌లో ఉన్నన్నాళ్లూ దుప్పట్లోంచి బయటికి రాలేదు." అని ఆ ఒళ్లో ఒక పాటల పుస్తకం పెట్టింది.

పాటలయ్యాయి. వాక్యం అయింది. "ముగింపు ప్రార్థన పెద్దామె చేస్తారు," అన్నారు ప్రేమానందం గారు.

అందరూ కళ్లు మూసుకున్నారు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ హోరు తప్ప ఏమీ వినబడలేదు. కాసేపటికి విమలకుమారి వెక్కివెక్కి ఏడ్చింది. చివరికి ప్రేమానందం గారే "ఆమెన్" అన్నారు.

"ఆడంబరం లేని ప్రార్థన," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "కూటం ఇక ఈ ఇంట్లోనే."

అందరూ పులిహోర కోసం వంటింట్లోకి వెళ్లారు. ఆయన మాత్రం పెద్దామెకి చెప్పి వెళ్దామని వంగారు. శాలువా జారి, చీర పక్కకి తొలగింది. పొట్ట తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి.

లోపల సిలువని చేతుల్లో పట్టుకున్న తండ్రి దేవుడు. తలుపుల లోపలి వైపు మోకరించిన జనం. రాజులు, బీదలు, చంటిపిల్లల తల్లులు, అందరూ ఒక్క అమ్మ కొంగు కింద.

రూతు పరుగున వచ్చింది. అంతా అయిపోయిందనుకుంది. "మా అత్తగారు కాదండీ."

"తెలుస్తోంది." ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బయటికి మామూలు తల్లే. లోపల ఎంతమందిని పెట్టుకుందీవిడ! ఈ బట్టతలాయన ఎవరు?"

"ఎవరో భక్తుడండీ."

"ఆయనకీ చోటిచ్చారే ఈవిడ."

వంటింట్లోంచి విమలకుమారి కేకేసింది. "అయ్యగారూ, పెద్దామెకి ప్లేటు తెమ్మంటారా?"

ఆ విగ్రహం చేత ప్రార్థన చేయించింది తానేనని ప్రేమానందం గారికి అప్పుడు తట్టినట్టుంది. గబగబా తలుపులు మూసి, చీర, శాలువా సర్ది, ముసుగు ఇంకాస్త కిందికి లాగారు.

"వద్దమ్మా, నిద్రపోయారు!" అని కేకేసి, రూతు వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఈవిడ ఎన్నాళ్లుంటారు?"

"వెళ్లేలా లేరండీ."

"ఉండనివ్వండి. వచ్చేవారం ముగింపు ప్రార్థన మాత్రం నేనే చేస్తాను."