దొరకని పిల్ల

పెద్ద కూతురు సెలవు మీద ఇంటికొచ్చిన దగ్గర నుంచి తల్లికి కత్తెర వెతుక్కునే పని తప్పింది. కత్తెర కావాలని అనుకునేలోపే చేతిలో పెట్టేది. మిషన్‌లో దారం అయిపోవస్తుంటే కండె అందించేది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినావిడ తలుపు కొడదామని చెయ్యి ఎత్తేసరికి, లోపలి నుంచి తలుపు తెరుచుకునేది. ఆవిడ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, "మీ అమ్మాయి భలే చురుకండీ" అనేది. చురుకే మరి. ఆ చురుకే కొంప ముంచింది.

పిల్ల ఇంకా సరిగ్గా పాలపళ్ళు ఊడని వయసులో యుద్ధపు బడివాళ్ళు వీధి వీధీ తిరిగారు. కిటికీ దగ్గర నిలబెట్టి, కింద నడిచే మనుషుల్లో ఎవరు ఎటు తిరుగుతారో చెప్పమన్నారు. అందరూ ఆటనుకుని నవ్వారు. పెద్దది ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. వాళ్ళు నవ్వడం మానేసి, "ఈ పాపకి ఎన్నేళ్ళండీ?" అని అడిగారు. ఆ గొంతు తల్లికి ఇప్పటికీ చెవిలోనే ఉంది.

బడి అన్నారు గానీ అక్కడ పలకా లేదు, బలపం లేదు. అవతలి దేశపు వీధుల్ని ఆకాశం నుంచి తీసిన బొమ్మలు చూపిస్తారు. ఆ ఇంట్లో మనిషి ఏ తలుపులోంచి బయటికొస్తాడు, ఏ మూల ఆగుతాడు అని పిల్లలు చెప్పాలి. ఇన్నాళ్ళూ చూపించినవి పాత బొమ్మలు, ఉత్త సాధన. ఇక కుర్చీ ఎక్కించే వేళయింది. కుర్చీ ఎక్కాక కనిపించేవి బొమ్మలు కావు, అప్పుడే, అక్కడే నడుస్తున్న మనుషులు. వేలు చూపించిన చోట ఆ తరవాత ఏమవుతుందో పిల్లలకి చెప్పరు. అయితే ముందు జరగబోయేది చెప్పగలిగిన పిల్లకి అది మాత్రం తెలియకుండా ఉంటుందా?

కుర్చీకి ముందు ప్రతి పిల్లనీ ఒకసారి ఇంటికి పంపుతారు. ఇంటి తిండి తిని, అమ్మ పక్కలో పడుకుంటే కొందరికి ఆ చూపు పోతుందట. కుర్చీలో కూర్చున్నాక పోవడం కన్నా ముందే పోవడం నయమని బడివాళ్ళ లెక్క. అందుకని సెలవు చివర టీచరమ్మ ఇంటికే వచ్చి పరీక్ష పెడుతుంది. పరీక్షంటే దాగుడుమూతలే. ఇంట్లోవాళ్ళలో ఒకరు దాక్కోవాలి, పిల్ల కనిపెట్టాలి. కనిపెడితే బండెక్కాలి, లేకపోతే ఇంట్లోనే ఉండిపోవచ్చు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ఆ మాట విన్నప్పటి నుంచి తల్లి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కుట్టిందే విప్పి కుడుతోంది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, పని ఆపి మరీ అబద్ధం నేర్పింది.

"నేనిప్పుడు డబ్బాలోంచి ఏం తీస్తాను?"

"సూది."

"తెలిసినా చెప్పకే తల్లీ. గుండీ అను."

"గుండీ" అంది పెద్దది. అనగానే మొహం పాలిపోయింది. లేచి సింకు దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. ఎన్నిసార్లు నేర్పినా అదే వరస.

"ఒక్క చిన్న అబద్ధానికి ఎందుకే ఇంత?" తల్లి దాని వీపు నిమిరింది.

"తప్పు చెబితే మనవాళ్ళెవరో చచ్చిపోతారని చెప్పారమ్మా."

"మరి రైటు చెబితే?"

పెద్దది కుళాయి కట్టేసింది. "అప్పుడూ ఎవరో ఒకరు" అంది.

తల్లికి ఆ రాత్రి కంటి మీద కునుకు పడలేదు. తండ్రి ఉంటే అతనితోనైనా చెప్పుకునేది. అతను సైన్యానికి సరుకులు మోసే లారీ మీద ఎక్కడ ఉన్నాడో అతనికే తెలియదు.

దారి చూపించింది చిన్నది. అక్క బడికి వెళ్ళేనాటికి అది ఉయ్యాల్లో ఉంది. తల్లి పొద్దస్తమానం మిషన్ మీద ఉంటే దానికి తెలిసిన ఆట ఒక్కటే, మాయమైపోవడం. అన్నానికి పిలిస్తే పలకదు. తల్లి ఇల్లంతా వెతికి, విసిగి, తిట్టి, మళ్ళీ మిషన్ ముందు కూర్చుంటే కాళ్ళ దగ్గరే ఉండేది. అక్కా చెల్లెళ్ళు ఆడుకుంటుండగా ఒక సాయంత్రం పెద్దది పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, అది ఎక్కడుందో నాకు తెలీట్లేదు" అంది. నిధి దొరికినట్టు నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. తల్లి కూడా నవ్వింది, ఆ వెంటనే ఆలోచనలో పడింది.

పరీక్ష ముందు చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "అక్క మన దగ్గరే ఉండాలంటే నువ్వు దొరక్కూడదు. తెలిసిందా?" అంది. చిన్నది పెద్దమనిషిలా తల ఊపింది.

టీచరమ్మ సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా వచ్చింది. కొలతలిచ్చేవాళ్ళ స్టూలు మీద కూర్చుంది.

"దాక్కున్నవాళ్ళని నేను చూడను. వెతికే పిల్ల మొహమే చూస్తాను. తెలిసి తెలియనట్టు నటిస్తే అక్కడ కనిపిస్తుంది" అంది నెమ్మదిగా.

మూడుసార్లు ఆడించింది. పెద్దది కటింగ్ బల్ల కింద చూసింది, లేదు. కర్ర మీద వేలాడే కోట్ల మధ్య చూసింది, లేదు. గుడ్డపీలికల బస్తా, వంటగది, మంచం వెనక, ఎక్కడా లేదు. పరీక్షంటే భయం, చెల్లి కనబడలేదని ఆనందం, రెండూ కలిసి దాని నుదుట చెమట పట్టింది. తల్లి గుడ్డ పెట్టని మిషన్ మీద ఊరికే కాలు ఆడిస్తూ కూర్చుంది. మూడోసారి కూడా దొరక్కపోయేసరికి టీచరమ్మ చెయ్యెత్తి చాలంది.

"నటన కాదు. చూపు పోయింది. మీ అమ్మాయి ఇక మీదేనండీ" అంది లేస్తూ.

తల్లికి ఏడుపొచ్చింది. గుండెల మీద నుంచి బండరాయి దింపినట్టయింది. "రావే చిన్నా, ఇక చాలు" అని పిలిచింది. చిన్నది కటింగ్ బల్ల కింద నుంచి పాక్కుంటూ వచ్చింది.

టీచరమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "ఈసారి కూడా అక్క అక్కడ మొదట్లోనే చూసింది కదా?"

"అక్క చూసి వెళ్ళాక వచ్చా" అంది చిన్నది గొప్పగా.

"అక్క మళ్ళీ అటు రాదని నీకెలా తెలుసు?"

"తెలుస్తుంది" అని భుజాలెగరేసింది.

టీచరమ్మ వెనక్కి వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. "ఈ పాపకి ఎన్నేళ్ళండీ?" అంది.

అదే ప్రశ్న, అదే గొంతు. పెనం మీద నుంచి పొయ్యిలో పడటమంటే ఇదే. తల్లి ఒక పిల్లని దక్కించుకుందామని రెండో పిల్లని తన చేతులతోనే చూపించింది.

పెద్దది టీచరమ్మ వైపు చూసింది. తల్లి వైపు చూసింది. తరవాత చెల్లెల్ని తల నుంచి కాలి దాకా తీరిగ్గా చూసింది.

"టీచరమ్మ గారూ, నేను అబద్ధమాడాను" అంది.

"ఏమని?"

"మొదటిసారి నల్లకోటు లోపల ఉంది. చూసీ వదిలేశాను. రెండోసారి పీలికల బస్తాలో. మూడోసారి బల్ల కిందకే వస్తుందని తెలిసే ముందుగా చూసి పక్కకెళ్ళిపోయాను. దానికేమీ తెలీదండీ. ఖాళీ మూల కనిపిస్తే దూరుతుంది, అందరి పిల్లల్లాగే. నాకే ఇంట్లో ఉండిపోవాలనిపించింది."

టీచరమ్మ చిన్నదాని వైపు తిరిగింది. "అక్క చెప్పిన చోట్లలోనే దాక్కున్నావా?"

చిన్నది బిక్కమొహం వేసింది. "అక్కకి తెలిసిపోయిందా?"

తల్లి కూడా అప్పుడే చూసింది. చిన్నదాని భుజం మీద కోటు నూగు ఉంది. జుట్టులో రంగురంగుల పీలికల దారాలున్నాయి. మోకాళ్ళకి బల్ల కింద రాలిన సుద్ద అంటుకుంది. పెద్దది చెప్పిందంతా ఇప్పుడు ఆ ఒంటి మీద చదివి చెప్పిందే. వెతికినప్పుడు పెద్దదానికి పట్టిన చెమట నిజం, దాని ఆనందం నిజం. "లేదండీ, అది నిజంగానే కనిపెట్టలేకపోయింది" అని ఒక్క మాట అంటే పెద్దది ఇంట్లో ఉంటుంది, చిన్నది బండెక్కుతుంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. తల్లి దాన్ని మింగేసింది.

టీచరమ్మ చాలాసేపు పెద్దదాని మొహం చూసింది. ఆ మొహం పాలిపోలేదు. పెద్దది రెప్ప వెయ్యకుండా ఎదురుగా నిలబడింది.

"నా కళ్ళ ముందే ఇంత నటించావా? ఇది మేం నేర్పలేదే" అంది టీచరమ్మ. "ఇంట్లో నేర్చుకున్నావన్నమాట. పోనీలే, పనికొస్తుంది. సంచి సర్దుకో, బండి బయటే ఉంది."

చిన్నదాన్ని మళ్ళీ తిరిగి చూడలేదు. చిన్నది మాత్రం మూతి ముడుచుకుని, "అక్క తొండి ఆడింది" అంది.

"అవునే, తొండే ఆడాను" అంది పెద్దది, దాని జుట్టులోంచి దారాలు తీస్తూ. "మొహం కడుక్కుని వస్తానమ్మా" అని వంటింట్లోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడయింది. ఆ నీళ్ళ చప్పుడు వెనక ఇంకో చప్పుడు వినబడింది. తల్లికి అదేమిటో తెలుసు.

టీచరమ్మ తల అటు తిప్పబోయింది.

తల్లి గబగబా ఒక గుడ్డముక్క సూది కింద పెట్టి, మిషన్ గట్టిగా తొక్కడం మొదలుపెట్టింది. ఇల్లంతా టకటకలాడింది.

"ఇప్పుడా కుట్టేది?" అంది టీచరమ్మ, గొంతు పెంచి.

"అర్జంటు పనండీ" అంది తల్లి. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. కుట్టు ఎటు పోతోందో కనిపించడం లేదు. పెద్దది మొహం తుడుచుకుని బయటికొచ్చేదాకా ఆమె మిషన్ ఆపలేదు.