జీడితొక్కల మీద నేరం

జలంత్రకోటలో లక్ష్మమ్మ నోటికి జడవని ప్రాణి ఒక్కటే, ఆమె పుంజు. దాన్ని ఆమె "అబ్బాయి" అని పిలుచుకునేది. అబ్బాయి మంచమెక్కి రెట్ట వేసినా ఆమెకు ముద్దే. మొగుడు సన్యాసిరావు కాళ్ళు కడుక్కోకుండా గడప దాటితే మాత్రం ఆ కేకలు వీధి చివరిదాకా వినబడేవి.

అలాంటి అబ్బాయి ఒక ఉదయం కూయలేదు. వానలు వెలిసిన కొత్త. లక్ష్మమ్మ గంప ఎత్తి చూసి గుండె పట్టుకుంది. ఎర్రటి తురాయి మీద, ముక్కు పక్కన, కంటి రెప్పల మీద మిరియపుగింజల్లాంటి పొక్కులు. కొన్ని అప్పుడే నల్లగా చెక్కు కట్టాయి. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

జీడితోటల ఉద్దానంలో పుట్టిన మనిషికి పొక్కు కనబడితే మరో ఆలోచన రాదు. జీడిపిక్కలు కొట్టేటప్పుడు రసం చిందితే చర్మం ఇలాగే పొక్కి నల్లబడుతుంది. లక్ష్మమ్మ చూపు తిన్నగా కంచె అవతలికి, సత్యవేణి పెరట్లో ఉన్న జీడితొక్కల పోగు మీదికి పోయింది.

సత్యవేణి వరసకు తోడికోడలు. పలాస నుంచి పిక్కలు తెచ్చుకుని ఇంట్లోనే కొట్టి ఇస్తుంది, తొక్కలు పొయ్యిలోకి దాచుకుంటుంది. ఇద్దరూ ఒకే ఏడు ఆ ఊరికి కాపురానికొచ్చారు. అప్పటినుంచీ ఈ ఇంట్లో కూర దింపితే గిన్నెడు ఆ ఇంటికి, ఆ ఇంట్లో దింపితే ఈ ఇంటికి కంచె దాటి పోవాల్సిందే.

"ఓలే సత్తివేణీ! నీ తొక్కలు గెలికి నా అబ్బాయి మొకం కాలిపోనాదే!"

సత్యవేణి జీడిరసం అంటకుండా చేతులకు బూడిద రాసుకుంటూ బయటికొచ్చింది. "ఏటక్కా, పొద్దున్నే? నా పెట్టలు ఆ తొక్కల్లోనే పుట్టి పెరిగినాయి. ఒక్కదానికి పొక్కుంటే సూపించు."

"నీ పెట్టలకేటి, నీలాగే మందం తోలు!"

ఆ మాట తగలకూడని చోట తగిలింది. పిక్కల రసానికి మొద్దుబారిపోయిన తన చేతులను సత్యవేణి ఒకసారి చూసుకుంది. లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ పూట నుంచి గిన్నె కంచె దాటలేదు.

జీడి కాలిన చోట కొబ్బరినూనె రాయడం ఊరందరికీ తెలిసిన వైద్యమే. లక్ష్మమ్మ అబ్బాయికి నున్నగా పట్టించింది.

"నూనె రాసీసినావు, ఉప్పూ కారం కూడా పట్టించీ. సగం పనైపోతాది," అన్నాడు సన్యాసిరావు.

"ముందు నిన్ను కోత్తాను మావా!"

నూనెకు పొక్కులు తగ్గలేదు సరికదా, అబ్బాయి రెండో కన్నూ మూసుకుపోయింది. గింజలు ముందే ఉన్నా కనబడక పాపం గాలిని పొడుస్తోంది. అంతలో ఇంటి మూల బుట్టలో గుడ్లు పొదుగుతున్న పెట్టకూ పొక్కులొచ్చాయి. అది వాకిలి దాటిందే లేదు, జీడితొక్క మొహం చూసిందే లేదు. లక్ష్మమ్మ నూనెగిన్నె పక్కన పెట్టేసింది.

పశువులకు టీకాలు వేయడానికి డాక్టరమ్మ భార్గవి ఊళ్ళోకి వస్తే, లక్ష్మమ్మ చెయ్యిపట్టుకుని ఇంటికి లాక్కొచ్చినంత పని చేసింది. డాక్టరమ్మ అబ్బాయి ముక్కు తెరిచి గొంతులోకి చూసింది.

"లోపల తెల్లపొర లేదు, అదృష్టం. ఇవి కాలిన పొక్కులు కావమ్మా. కోళ్ళ మశూచి."

"అమ్మోరా?" లక్ష్మమ్మ చేతులు జోడించబోయింది.

"అమ్మోరు కాదు, వైరస్సు. దీన్ని చంపే మందు లేదు. చెక్కులు వాటంతటవే రాలతాయి, గిల్లకండి. రాలినవి ఊడ్చి కాల్చేయండి. పుళ్ళమీద వేపాకు, పసుపు నూరి రాయండి. కళ్ళు గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో తుడవండి. జబ్బు కోళ్ళను వేరుగా ఉంచండి. ముఖ్యంగా నోట్లో ముద్ద పెట్టండి, లేకపోతే కళ్ళు కనబడక ఆకలికే పోతాయి. బాగున్నవాటికి నేను టీకా వేస్తాను."

"మరి ఎలాగొచ్చిందమ్మా? ఈ పెట్ట బయటికే ఎల్లలేదు."

"దోమలు లోపలికొస్తాయి కదా. ఒకదాన్ని కుట్టి ఇంకోదాన్ని కుడితే చాలు." డాక్టరమ్మ పెరడంతా కలియజూసి కొబ్బరిచెట్టు కింద ఆగింది. ఎండుకొబ్బరి తీశాక లక్ష్మమ్మ పడేసిన చిప్పలు అక్కడ వెల్లకిలా ఉన్నాయి. ప్రతి చిప్పలో వాననీళ్ళు, నీళ్ళలో దోమపిల్లలు. "ఈ చిప్పలెవరివి?"

లక్ష్మమ్మకు నోట మాట రాలేదు. పెళ్ళయ్యాక అలాంటి అవకాశం ఇదే మొదలు కాబట్టి సన్యాసిరావు ముందుకొచ్చి, "మాయేనమ్మా!" అని హుషారుగా చెప్పాడు.

డాక్టరమ్మ వెళ్ళగానే లక్ష్మమ్మ చిప్పలన్నీ తనే బోర్లించింది. నూకలన్నం మెత్తగా పిసికి అబ్బాయి నోట్లో పెడితే గుటుక్కున మింగింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. తలెత్తి చూస్తే కంచె అవతల సత్యవేణి పొడల పెట్ట కూడా కళ్ళు మూసుకుని గాలినే పొడుస్తోంది.

అబ్బాయి బతికే దారి దొరికింది గానీ సత్యవేణిని పోగొట్టుకున్న బాధ ఇప్పుడు మరీ ఎక్కువైంది. లక్ష్మమ్మ చేతులు కడుక్కుని, వేరే గిన్నెలో ముద్ద కలుపుకుని కంచె దాటింది. జీడితొక్కల పక్కనే చతికిలబడి పెట్టను ఒళ్ళోకి తీసుకుంది.

"తొక్కల తప్పేటీ లేదే," అని దాని చెవిలో చెప్పింది. "నా సిప్పల్లో దోమలే మిమ్మల్ని కుట్టినాయి. నాను నోరు జారీసినాను. మీ యమ్మ గిన్నె పంపకపోతే నాకు కూడు సయించడం లేదని సెప్పవే."

"కళ్ళు మూసుకుపోనాయి దానికి," అంది వెనకనుంచి సత్యవేణి. "నా సెవులు బాగానే ఉన్నాయి. నాకే సెప్పొచ్చు కదా."

లక్ష్మమ్మ వెనక్కి తిరగలేదు. "తప్పు నాదేనే," అంది. అలవాటు లేని మాట కావడంతో మధ్యలో రెండుసార్లు తడబడింది.

సత్యవేణి వచ్చి పక్కన కూర్చుని పెట్ట ముక్కు పట్టుకుంది. "నువ్వు ముద్ద పెట్టక్కా, నాను నోరు తెరుత్తాను. నాది మందం తోలు కదా, పొడిసినా నొప్పెట్టదు."

లక్ష్మమ్మ ముద్ద పెట్టబోయి ఆ చేతినే పట్టుకుంది. ఆకలికి ఆగలేక పెట్ట ఇద్దరి చేతులనూ కలిపి పొడిచింది.