రెండు సీట్ల ఎర్రకారు

ప్రొద్దుటూరులో కార్లకు టింకరింగ్ చేసే మున్వర్‌కు ఆ పిలుపు రాకుండా ఉంటే ఎంత బాగుండేదో! పిలిచినవాడు జమ్మలమడుగు మద్దిలేటప్ప. ఎలక్షన్లు నెలరోజులున్నాయనగా, హత్యకు గురైన తన అన్న సంజన్న ముచ్చటపడి కొన్న పాత స్పోర్ట్స్ కార్లన్నిటినీ పత్తి గోడౌనులో వరసగా నిలబెట్టి, మ్యూజియం పెట్టాను, చూడ్డానికి రమ్మన్నాడు. పోకపోతే ఎందుకు రాలేదంటారు. పోతే, పన్నెండేళ్లుగా కడుపులో దాచుకున్న మాట ఎక్కడ జారుతుందోనని భయం.

"చూసి రా. నోరు మాత్రం తెరవాకు," అంది భార్య షాహీదాబీ. ఆ మాట తెలిసిన రెండో మనిషి ఆమే.

తీరా లోపలికి అడుగుపెట్టాక మున్వర్ సగం భయం మర్చిపోయాడు. ఏడు కార్లు. కొయ్య స్టీరింగులు, పగుళ్లిచ్చిన తోలు సీట్లు, పాలిష్ వాసన. ఒకప్పుడు వాటిలోని పచ్చకారు వెనకే ప్రొద్దుటూరు వీధుల్లో కేకలేస్తూ పరిగెత్తాడు. పాపం, సంజన్న ఆపి ఎక్కించుకునేవాడు. మున్వర్ కళ్లు చెమర్చాయి.

చివర్న పూలదండతో ఎర్రకారు. దానికి రెండే సీట్లు. ముద్దనూరు దారిలో, బండి నడుపుతున్న సంజన్నను రోడ్డు పక్క పొంచినవాళ్లు కాల్చారనీ, పక్కసీట్లో ఉన్న తాను అదృష్టంకొద్దీ బతికాననీ మద్దిలేటప్ప ప్రతి మీటింగులో ఏడుస్తాడు. ఆ ఏడుపుతోనే రెండుసార్లు గెలిచాడు. ఎదుటి పార్టీవాళ్లు నలుగురు ఇంకా జైల్లోనే ఉన్నారు.

బెంగళూరు నుంచి వచ్చిన కార్ల నిపుణుడొకడు డ్రైవరు వైపు తలుపును వేలితో తట్టి పెదవి విరిచాడు.

"తూటా తగిలింది ఇక్కడే కదా? పుట్టీ మెత్తి పూడ్చేశారు. నాటు పని."

మున్వర్‌కు ఒళ్లు మండింది. ఏ మాటన్నా పడతాడు గానీ, తాను చేసిన పనిని అంటే పడడు.

"పుట్టీనా? ఏం మాట్లాడతాండావు సార్! చిటికెడు పుట్టీ ఉంటే నా చెయ్యి నరుక్కుంటా. రేకు బయటికి లేసింటే, లోపలికి కొట్టి, గ్యాస్ వెల్డింగ్ పెట్టి..."

"బయటికా?" అన్నాడు నిపుణుడు అమాయకంగా. "అంటే కాల్చింది కార్లోంచా?"

మున్వర్ నాలుక కరుచుకున్నాడు. పక్కనే నిలబడి విన్న మద్దిలేటప్ప ఆ రెండు సీట్ల వంక చూసి, తర్వాత నవ్వుతూ వచ్చి మున్వర్ భుజమ్మీద చెయ్యేశాడు.

"శానా బాగా చేసినావప్పా పని. ఈ సంగతి ఇంట్లో చెప్పినావా?"

"లే... లేదప్పా." ఆ జవాబు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమైందని ఇద్దరికీ తెలిసింది.

"బస్సులో ఏం పోతావులే. మా జీపు ప్రొద్దుటూరికే పోతాంది. మావోళ్లకు మీ ఇల్లు చూపించు."

మున్వర్ రెండు చేతులూ జోడించాడు. "ఇంటికొద్దప్పా. నేను ఈడనే ఉంటా. ఏం చేసుకుంటావో నన్ను చేసుకో."

మద్దిలేటప్ప బయటికి నడిచి, జీపు తలుపు తానే తీసి పట్టుకున్నాడు.