దుప్పటి రెండో కొస

పొద్దున్నే ఆవిరి గొట్టం పగిలింది. దాన్ని అతికేవాడు మధ్యాహ్నం దాటాక గానీ రాలేదు. ఈలోగా ఆసుపత్రి నుంచి వచ్చిన దుప్పట్లు లాండ్రీ మధ్యలో నడుములోతు పేరుకుపోయాయి. సాయంత్రంలోగా అవన్నీ ఆరి, ఇస్త్రీ అయి, మడతపడి బండెక్కకపోతే ఆ రోజు కూలిలో కోత పడుతుంది. గొట్టం పగలడం మా తప్పా అని అడిగేవాళ్లు లేరు. అడిగినా వినేవాళ్లు లేరు.

మడత బల్లల దగ్గర ఆడవాళ్లు జోడీలుగా పనిచేస్తారు. దుప్పటికి నాలుగు మూలలు, మనిషికి రెండు. ఇద్దరూ చెరో కొసా పట్టి బిగలాగి, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలపాలి. దుప్పటి నేలకు తగిలితే మళ్లీ ఉతుక్కి వెళ్తుంది, ఆ ఖర్చు ఇద్దరి కూలిలోంచీ పోతుంది. అందుకే అక్కడ ఎవరితో జోడీ కుదిరిందన్నది ఎవరితో పెళ్లి కుదిరిందన్నదాని కంటే పెద్ద విషయం. మొగుడు జారవిడిస్తే ఎలాగో బతకొచ్చు గానీ జోడీ జారవిడిస్తే బతకలేమని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

మూడో బల్ల దగ్గర ఉండేది వదినా మరదళ్ల జోడీ. వదిన ఆ లాండ్రీలో పాత మనిషి. తన తమ్ముడు, అంటే మరదలి మొగుడు, పోయినప్పుడు, మూల కూర్చుని ఏడుస్తున్న మరదలిని రెక్క పట్టుకుని లేవదీసి, తీసుకొచ్చి బల్లకు అవతల నిలబెట్టింది. "ఏడుపు ఎక్కడికీ పోదులే, ముందీ కొస పట్టుకో" అంది. మరదలు ఆ రోజు పట్టుకున్న కొస ఇప్పటికీ వదల్లేదు. ఇద్దరి మధ్యా ఇప్పుడు మాట కూడా అక్కర్లేదు. ఒకరి భుజం కదిలితే రెండోవాళ్ల చేతులు వాటంతటవే లేస్తాయి.

మరదలికి ఒక్కతే కూతురు. డిగ్రీ చదివింది, ఉద్యోగం దొరకలేదు. ఎవరైనా నాగా పెట్టిన రోజు బదిలీ కూలీగా వచ్చి వాళ్ల స్థానంలో నిలబడుతుంది. లాండ్రీలో అందరూ ఆమెను 'డిగ్రీ' అని పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపులో గౌరవం ఉండేది, తర్వాత ఎగతాళి ఉండేది. ఇప్పుడు అది వట్టి పేరుగా మిగిలింది.

ఆ రోజు కూడా డిగ్రీ బదిలీ మీద నాలుగో బల్ల దగ్గర ఉంది. అతికిన గొట్టంలోంచి ఆవిరి మళ్లీ బుస్సుమన్న కాసేపటికి కొత్త మేనేజరు లోపలికొచ్చాడు. లాండ్రీ చేతులు మారి నెల కాలేదు. ఈ మేనేజరు చొక్కా ఎంత ఉక్కలోనూ నలగదు కాబట్టి ఆడవాళ్లు అప్పుడే ఇస్త్రీబాబు అని పేరు పెట్టేశారు.

"కంపెనీ మారింది కదా. పాత లెక్కలో మీరెవరూ ఇప్పుడు ఉద్యోగులు కారు" అన్నాడు ఇస్త్రీబాబు, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా. "అందరూ కొత్తగా అప్లికేషన్ పెట్టుకోవాలి. దాంతోపాటు ఒక కవర్ లెటర్ ఇవ్వాలి. ఒక్క పేజీ చాలు. మిమ్మల్నే ఎందుకు ఉంచుకోవాలో అందులో చెప్పండి. నలుగురైదుగురిని తగ్గించక తప్పదు. ఎవరినన్నది నేను చెప్పను, మీ ఉత్తరాలే చెప్తాయి."

అతను వెళ్లిపోయాక బల్లల దగ్గర గోల మొదలైంది. వేలిముద్ర వేసి పనిలో చేరినవాళ్లు వాళ్లంతా.

"అంటే ఏంటే అది? కవరుకు ఉత్తరం రాయాలా?" అంది ఒకావిడ.

"ఇన్నేళ్లు మన నడుములు చూసిందిగా ఈ లాండ్రీ, ఇంకా ఏం రాసిమ్మంటాడు ఈయన?" అంది ఇంకొకావిడ.

మూడో బల్ల దగ్గరి వదిన, అంటే డిగ్రీ మేనత్త, మాత్రం దుప్పటి విదిలిస్తూనే గట్టిగా నవ్వింది. "మన డిగ్రీ ఉండగా మనకేం భయమే! నా మేనకోడలు రాసిందంటే ఆ ఇస్త్రీబాబు కళ్లనీళ్లు పెట్టుకోవాలి."

అత్త ముఖంలోని ఆ గర్వం డిగ్రీకి చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఉత్తరం రాయడం డిగ్రీకి నిజంగానే వచ్చు. దుకాణాలకీ, ఆఫీసులకీ, బడులకీ రాసి పంపింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. నిరుద్యోగులకు ఉచితంగా నేర్పుతామన్న చోటికి వెళ్లి ఆ విద్య కూడా నేర్చుకొచ్చింది. నీకేం కావాలో రాయకు, వాళ్లకేం మిగులుతుందో రాయి. పక్కవాళ్లలో లేనిది నీలో ఏముందో చూపించు. ఊరికే కష్టపడతానంటే ఎవడూ నమ్మడు, రుజువు పెట్టు. జవాబు రాని ఉత్తరాలు రాసి రాసి జవాబు రావాల్సిన ఉత్తరం ఎలా ఉండాలో ఆమెకు క్షుణ్ణంగా తెలిసిపోయింది.

ఆ సాయంత్రం అత్త తన గదిలోంచి స్టూలు తెచ్చుకుని మరీ వచ్చి కూర్చుంది. వాళ్లవి ఒకే వరసలో పక్కపక్క గదులు. తల్లి పొయ్యి దగ్గర ఉంది.

"అడుగు, చెప్తా. నీ బడిలో వేసినట్టు నాకూ మార్కులు వెయ్యి" అంది అత్త.

డిగ్రీ అడిగింది, అత్త చెప్పింది. రోగుల రక్తం మరక ఏ నీళ్లకు పోతుందో, కొత్తగా వచ్చినవాళ్లకు మూల కలపడం ఎలా నేర్పుతుందో, ఎంత జ్వరంలో పనిలోకి వచ్చిందో అన్నీ చెప్పింది. చెప్పిచెప్పి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఒక మాట చెప్తా, రాయమాక. నా కుడిచేతికి పట్టు పోయిందే. దుప్పటి తడిగా ఉంటే వేళ్లు బిగుసుకోవు. మీ అమ్మ కనిపెట్టి బరువు కొస తనవైపు తిప్పుకుంటోంది. నేనడగలేదు, తనూ చెప్పలేదు. అట్లా నెట్టుకొస్తున్నాం."

"ఎన్నాళ్ల నుంచి అత్తా?"

"రెండేళ్లవుతుందేమో. ఈ పని పోతే నాకెవరున్నారే? అందుకే ఇది నీ కడుపులో పెట్టుకో."

డిగ్రీ ఆ మాట రాయలేదు. అత్త ఉత్తరాన్ని ప్రేమగానే రాసింది. 'నేనూ నా మరదలూ కలిసి ఒక్క దుప్పటి కూడా నేలకు తగలనివ్వకుండా పనిచేస్తున్నాం' అని ముగించింది. చదివి వినిపిస్తే అత్త కళ్లు తుడుచుకుంది. తన గురించి ఎవరో ఇంత మంచిగా రాయగా వినడం ఆమెకదే మొదటిసారి.

అత్త వెళ్లాక డిగ్రీ తల్లి ఉత్తరం మొదలుపెట్టింది. అది కదల్లేదు. ఏం రాసినా అత్తకు రాసిందే మళ్లీ వస్తోంది. అదే బల్ల, అవే దుప్పట్లు, అదే కష్టం. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అత్తదే బరువుగా ఉంది, సర్వీసు ఎక్కువ కదా. నలుగురైదుగురు పోవాలి. ఆ నలుగురిలో అమ్మ ఉంటే? అమ్మ రోజు కూలి నాలుగు వందల ఇరవై. గది అద్దె, బియ్యం, తను ఇంటర్వ్యూలకు తిరిగే బస్సు చార్జీలు అన్నీ అందులోంచే రావాలి. అత్త ఒక్కతే. ఆమె వయసు చూసి ఎలాగూ తీసేస్తారు. అమ్మ పని నిలబడితే అత్తకు కూడా ఒక ముద్ద పెట్టొచ్చు. తప్పు చేయబోయే మనిషికి ఇలాంటి సర్దుబాట్లు ఎవరు అందిస్తారో గానీ వరసగా అందుతూనే ఉంటాయి.

పక్కవాళ్లలో లేనిది చూపించు. రుజువు పెట్టు. డిగ్రీ కలం అందుకుంది.

రాయడం అయ్యాక తల్లికి చదివి వినిపించింది. పొయ్యి ముందు చతికిలబడి వింటున్న తల్లి ఒకచోట గరిటె తిప్పడం ఆపేసింది. 'నా జోడీగా ఉన్న మనిషికి చేతి పట్టు పోవడం వల్ల రెండేళ్లుగా ఇద్దరి పనీ దాదాపు నేను ఒక్కదాన్నే చేస్తున్నాను. అయినా మా బల్ల మీద పని ఏనాడూ వెనకబడలేదు.'

"ఆ సంగతి నీకెవరు చెప్పారే?"

"అత్తే చెప్పింది."

కూర అడుగంటిన వాసన వచ్చింది.

"ఆ ఒక్క ముక్క తీసెయ్యరాదూ?"

"తీసేస్తే ఆ ఉత్తరంలో ఏమీ లేదమ్మా. అందరూ రాసేదే అవుతుంది. చెత్తబుట్టలో పడుతుంది, నావి పడ్డట్టు."

"మరి వదినకు..."

"పేరు రాయలేదుగా."

మూడో బల్ల దగ్గర ఉన్నది ఇద్దరే. పేరు రాయకపోతే ఏమిటో ఇద్దరికీ తెలుసు. తల్లి చెయ్యి చీరకు తుడుచుకుని, కలం పుచ్చుకుని, కూతురి దగ్గర నేర్చుకున్న నాలుగక్షరాల సంతకం మెల్లగా పెట్టింది. ఆ పూట ఇద్దరూ మాడిన కూరే తిన్నారు.

ఉత్తరాలు ఇచ్చిన తర్వాతి వారం ఇస్త్రీబాబు మిషన్లు ఆపించి అందరినీ బల్లల దగ్గరే నిలబడమన్నాడు. డిగ్రీ ఆ రోజూ బదిలీ మీదే ఉంది. అతని చేతిలో ఒకే ఒక కాగితం ఉంది. మడతలు చూడగానే డిగ్రీకి అది ఎవరిదో తెలిసిపోయింది.

"మీ ఉత్తరాలన్నీ చదివాను. అన్నీ కన్నీళ్లే. పిల్లలున్నారు, అద్దె ఉంది, జబ్బు ఉంది. అవి నాకెందుకండీ? ఒక్క ఉత్తరం మాత్రం ఉత్తరంలా ఉంది. వినండి" అని చదవడం మొదలుపెట్టాడు.

బాగా చదివాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. తను రాసిన వాక్యాలు అంత పెద్ద గదిలో అంత స్పష్టంగా వినబడుతుంటే డిగ్రీకి ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సంతోషం వేసింది. చెప్పుకోడానికి సిగ్గుచేటు గానీ వేసిన మాట నిజం. ఇన్నాళ్లకు ఒకడు తన ఉత్తరం చివరిదాకా చదివాడు.

చేతి పట్టు దగ్గరికి వచ్చేసరికి అత్త తన కుడిచేతిని కొంగు కిందికి లాక్కుంది. ఆ కదలిక గది అంతా చూసింది.

"నలుగురైదుగుర్ని తీసేద్దామనుకున్నాను" అన్నాడు ఇస్త్రీబాబు కాగితం మడుస్తూ. "ఈ ఉత్తరం నా కళ్లు తెరిపించింది. ఒక్క మనిషి రెండేళ్లుగా ఇద్దరి పని చేస్తుంటే రెండో మనిషికి కూలి దేనికి? ఇకనుంచి బల్లకు ఒక్కరే. గోడకు కొక్కేలు బిగిస్తున్నాం. ఒక కొస కొక్కేనికి తగిలించండి, రెండో కొస మీరు పట్టుకోండి. అంతే. రోజుకు ఇన్ని దుప్పట్లన్న లెక్క మారదు, కూలీ మారదు."

ఒక్క ఉత్తరంతో ప్రతి బల్ల దగ్గరా ఒకరి నోట్లో మట్టి పడింది. ఎవరు ఉంటారో, ఎవరు పోతారో అతని వెంట వచ్చిన గుమాస్తా వరసగా చదివాడు. మూడో బల్ల దగ్గర మరదలు ఉంటుంది.

"బాబూ, అది అట్లా కాదు" తల్లి ముందుకొచ్చింది. "ఆమె పట్టుకుంటేనే నేను లాగేది. ఒక్కదాన్నే ఎప్పుడూ చెయ్యలేదు బాబూ. ఇద్దరం చేసేదే."

"సంతకం మీదేగా?"

అతను జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

"ఇదిగో, ఇంకోటి ఉంది. 'నేనూ నా మరదలూ కలిసి' అని రాసుకుంది మీ జోడీ. ఇద్దరంటే ఖర్చు, ఒక్కరంటే ఆదా. మీ ఉత్తరానికీ ఆమె ఉత్తరానికీ తేడా అదే." అతను నవ్వి చుట్టూ చూశాడు. "ఎవరు రాసిచ్చారో గానీ పని తెలిసినవాళ్లు రాశారు."

ఆడవాళ్లంతా తిరిగి డిగ్రీ వైపు చూశారు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది. నాలుగో బల్ల దగ్గర తనకు ఎదురుగా ఉన్నావిడ, ఆ రోజుతో పని పోయినావిడ, చేతిలోని దుప్పటి మూలలు రెండూ బల్ల మీద పెట్టేసి వెళ్లి చెప్పులు వేసుకుంది.

ఎప్పుడూ కలిసి నడిచే దారిలో అత్త ఆ పూట ముందుగా ఒక్కతే నడిచి వెళ్లిపోయింది.

చీకటి పడకముందే వచ్చింది. స్టూలు తెచ్చుకోలేదు, గడప మీద కూర్చుంది. గదుల ముందు తీగ మీద ఆరేసిన ఇంటి దుప్పటిని తల్లి తీస్తోంది. అత్త ఆమె వైపు చూడలేదు.

"డిగ్రీ" అంది. ఎప్పుడూ అమ్మా అనో పిల్లా అనో పిలిచే మనిషి మొదటిసారి ఎదురుగా అలా పిలిచింది.

"అత్తా, నేను నిన్ను..."

"నాకా మాటలేం వద్దు. పని మీద వచ్చాను. బజారు చివర కొత్త హోటల్లో గదులు ఊడవడానికి మనుషులు కావాలంట. వెళ్లి అడిగితే అక్కడా ఉత్తరం తెమ్మన్నారు. రాసిపెట్టు."

డిగ్రీ లోపలికి వెళ్లి కాగితం, కలం తెచ్చుకుంది. 

"నాకు రాసినట్టు రాయమాక" అంది అత్త. "మీ అమ్మకు రాసినట్టు రాయి."

కలం కాగితం మీద ఆగిపోయింది. "అక్కడ నీ పక్కన ఎవరు పనిచేస్తారో నాకు తెలీదు కదత్తా."

"ఎవరో ఒకరుంటారుగా. ఆవిడ గురించి రాయి."

డిగ్రీ తల పైకెత్తలేకపోయింది. తనకు వచ్చిన ఒకే ఒక విద్యను అత్త రెండు ముక్కల్లో ఆమె ముందు పెట్టేసింది.

తీగ దగ్గర తల్లి దుప్పటి రెండు మూలలు ఒక చేత్తో పట్టుకుని, అలవాటు కొద్దీ ఇటు తిరిగింది. ఇన్నేళ్లుగా బల్ల దగ్గరా, ఇంటి దగ్గరా అలాగే తిరిగింది. మిగిలిన రెండు మూలలూ రెండో చేత్తో వదిన ముందుకు చాచింది. చాచాక గానీ ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. తెలిశాక కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.

"వదినా" అంది.

అత్త ఆ మూలల వైపు చూసింది. భుజం దానంతటదే కొంచెం కదిలింది. చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు. ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా పట్టుకుని, "రాయవే" అంది మేనకోడలితో.

తల్లి అలాగే నిలబడి ఉంది. దుప్పటి మెల్లగా జారి, గడప ముందు నేలకు తగిలింది. దాన్ని ఎవరూ పైకి లాగలేదు.